ఆ వాయిద్యం నిజంగా ఉందా? వింత వాయిద్యాల వీడియోలపై తరచుగా అడిగే ప్రశ్నలు

రాజకీయాల వీడియో వచ్చినా, ఆరోగ్యం వీడియో వచ్చినా జనం ఇప్పుడు కాస్త ఆగి ఆలోచిస్తున్నారు. సంగీతం దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఉండదు. ఎవరికీ నష్టం లేదు, వినడానికి బాగుంది, ఫార్వర్డ్ కొట్టేయడమే. అందుకే ఈ రకం అబద్ధాలు కొన్ని ఇరవై ఏళ్ళుగా హాయిగా తిరుగుతున్నాయి. ముందే ఒక మాట చెప్పేస్తాను. చాలాసార్లు అబద్ధం వీడియోలో ఉండదు, దాని కింద ఎవరో రాసిన నాలుగు లైన్లలో ఉంటుంది.

గొట్టాల్లోంచి బంతులు ఎగిరొచ్చి డ్రమ్స్ మీద, తీగల మీద పడి పాట వాయించే మిషన్ నిజమేనా?

కాదు. అది మొదటి నుంచి చివరి దాకా కంప్యూటర్లో తయారైన యానిమేషన్. పేరు 'పైప్ డ్రీమ్'. అమెరికాలో వేన్ లైటిల్ అనే ఆయన నడిపిన అనిమ్యూజిక్ అనే చిన్న సంస్థ దాన్ని 2001లో విడుదల చేసింది. ఆ ఏడాదే కంప్యూటర్ గ్రాఫిక్స్ వాళ్ళ పెద్ద సదస్సు సిగ్రాఫ్‌లో కూడా ప్రదర్శించారు. డీవీడీగా అమ్మారు. దాచిందేమీ లేదు, 'ఇది యానిమేషన్' అని వాళ్ళే చెప్పుకున్నారు.

మరి అయోవా యూనివర్సిటీ వాళ్ళు ట్రాక్టర్ విడిభాగాలతో చేశారని ఉంటుందే?

అసలు కథ అక్కడే ఉంది. వీడియో వచ్చిన కొన్నేళ్ళకు ఎవరో దానికి ఒక ఇంగ్లిష్ పేరా తగిలించి ఈమెయిల్లో వదిలారు. అందులో ఏముందంటే: ఇది అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో ఫలానా పేరుగల సంగీత కళాశాల, ఫలానా పేరుగల ఇంజనీరింగ్ స్కూలు కలిసి కట్టిన యంత్రం, 97 శాతం భాగాలు జాన్ డీర్ వ్యవసాయ పరికరాలవి, ఇంకో నీటిపారుదల సామాను కంపెనీవి, అమర్చి శ్రుతి చేయడానికి 13,029 గంటలు పట్టింది, త్వరలో స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇస్తున్నారు.

అయోవా యూనివర్సిటీ ఉంది. జాన్ డీర్ ఉంది. స్మిత్సోనియన్ ఉంది. కానీ ఆ పేరాలో రాసిన పేర్లతో సంగీత కళాశాల గానీ, ఇంజనీరింగ్ స్కూలు గానీ ఆ యూనివర్సిటీలో లేవు. మూడు నిజమైన పేర్ల మధ్య రెండు లేని పేర్లు కూర్చోబెడితే చదివేవాడు నిజమైనవాటిని గుర్తుపట్టి మిగతావాటిని కూడా నమ్మేస్తాడు. రాసిన మనిషికి ఈ కిటుకు బాగా తెలుసు.

ఆ 13,029 అంకె చూడండి. సుమారు 13 వేలు అంటే అబద్ధంలా వినిపిస్తుంది. చివర ఆ 29 పెట్టేసరికి ఎవరో రిజిస్టర్‌లో రాసి లెక్క కట్టినట్టుంటుంది. ఒక మనిషి రోజుకు 8 గంటల చొప్పున ఆదివారాలు కూడా మానకుండా చేస్తే దాదాపు నాలుగున్నర ఏళ్ళ పని అది. అంతకాలం శ్రమపడి కట్టిన యంత్రం పక్కన నిలబడి ఒక్క విద్యార్థి కూడా ఫొటో దిగలేదంటే, ఆ ఒక్కటి చాలదా అనుమానించడానికి?

తర్వాత ఇదే పేరా ఊరు మార్చుకుంటూ, పేర్లు మార్చుకుంటూ, ఈమెయిల్లోంచి ఫేస్‌బుక్‌కు, అక్కడి నుంచి వాట్సాప్‌కు వచ్చేసింది. వీడియో మాత్రం అదే.

అంటే మోసం చేసింది యానిమేషన్ చేసినవాళ్ళా?

కాదు, ఈ విషయం గట్టిగా చెప్పాలి. నిజానికి వాళ్ళకే అన్యాయం జరిగింది. వాళ్ళు చేసిన అసలు గొప్ప పని ఈ అబద్ధం కింద నలిగిపోయింది.

మామూలు యానిమేషన్లో ముందు బొమ్మ కదులుతుంది, తర్వాత దానికి శబ్దం అతికిస్తారు. అనిమ్యూజిక్ పద్ధతి తిరగేసి ఉంటుంది. ముందు పాట కడతారు. అందులో ప్రతి స్వరం ఎప్పుడు మొదలవ్వాలి, ఎంత గట్టిగా మోగాలి అన్నది మిడి (స్వరాలను కంప్యూటర్‌కు అంకెల్లో చెప్పే పద్ధతి) సమాచారం రూపంలో ఉంటుంది. వాళ్ళు సొంతంగా రాసుకున్న సాఫ్ట్‌వేర్ ఆ సమాచారం తీసుకుని, ఫలానా క్షణానికి బంతి ఇక్కడ తగలాలంటే ఎంత ముందు గొట్టం దాటాలి అని వెనక్కి లెక్క కట్టి బొమ్మను కదిలిస్తుంది. చూసేవాళ్ళకు బంతి తగలడం వల్ల స్వరం వచ్చినట్టు ఉంటుంది, లోపల జరిగింది స్వరం కోసం బంతి రావడం. 2001 నాటికి ఇది ఎంత పెద్ద పనో! 'ట్రాక్టర్ సామాన్లతో చేశారట' అని ఫార్వర్డ్ చేసేవాళ్ళకు అసలు చేసినవాళ్ళ పేరే తెలియదు.

అంత నిజంలా ఉంటే, యానిమేషన్ అని మామూలు మనిషి ఎలా పట్టుకోవాలి?

ఒక్క బంతిని వెంబడించండి. మొత్తం మిషన్ చూడొద్దు, ఒక్క బంతి చాలు.

గొట్టం నుంచి తీగ దాకా 2 మీటర్లు ఉందనుకుందాం. బంతి సెకనుకు 10 మీటర్ల వేగంతో అడ్డంగా వచ్చిందనుకుందాం. చేరడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆ కాస్త సమయంలోనే భూమ్యాకర్షణ దాన్ని దాదాపు 20 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. ఇప్పుడు గాలి ఒత్తిడిలో చిన్న తేడా వచ్చి వేగం అయిదు శాతం తగ్గితే ఏమవుతుంది? బంతి 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, మరో 2 సెంటీమీటర్లు కిందగా వస్తుంది. డ్రమ్ముకు ఆ 2 సెంటీమీటర్లు లెక్క కాదు. వైబ్రాఫోన్ (లోహపు పట్టీలను కొట్టి వాయించే వాయిద్యం) అయితే పట్టీ అంచుకు తగిలి మోగీ మోగనట్టు మోగుతుంది. తీగ మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి బంతి దాన్ని అసలు తాకదు, పక్కనుంచి వెళ్ళిపోతుంది.

వీడియోలో ఒక్క బంతి కూడా గురి తప్పదు. ఒక్కటీ ఇంకోదానికి తగలదు. తగిలి ఎగిరిన బంతి బుద్ధిగా వెళ్ళి తన గిన్నెలోనే పడుతుంది. కింద ఎక్కడా నాలుగు బంతులు దొర్లుతూ కనిపించవు. గాలి వదిలే శబ్దం లేదు, కంప్రెసర్ హోరు లేదు. నిజం యంత్రం ఇంత మర్యాదగా ఉండదు.

ఇంటెల్ కంపెనీ నిజంగానే చేసి చూపించిందంటారు, అది?

అది నిజం. ఆ యానిమేషన్ స్ఫూర్తితోనే 2011లో ఇంటెల్ తన ఏటమ్ ప్రాసెసర్ల సత్తా చూపించుకోవడానికి అలాంటి మిషన్ ఒకటి కట్టించింది. పెయింట్‌బాల్ ఆటలో వాడే తరహా పరికరాలతో బంతులు కొట్టించి పాట వాయించారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చదువు చెప్పినట్టు ఉంటుంది. నిజం మిషన్ చుట్టూ వైర్లు, గొట్టాలు, బిగించిన ఫ్రేములు, పక్కన నిలబడి టెన్షన్ పడే ఇంజనీర్లు ఉంటారు.

కొందరు దీన్ని చూపించి 'చూశారా, పాత వీడియో కూడా నిజమే' అంటారు. పదేళ్ళ తర్వాత ఎవరో కష్టపడి కట్టినంత మాత్రాన పాత యానిమేషన్ నిజం అయిపోదు.

చెక్క మిషన్‌లో రెండు వేల గోళీలు పడుతూ పాట వాయించే వీడియో కూడా ఇలాంటిదేగా?

ఇక్కడ మాత్రం తొందరపడకండి. అది నిజం. స్వీడన్‌కు చెందిన వింటర్‌గాటన్ బృందంలోని మార్టిన్ మోలిన్ కట్టిన మార్బుల్ మెషిన్ అది. వీడియో 2016లో వచ్చింది. చేత్తో తిప్పే పెద్ద చక్రం, సుమారు 2,000 ఉక్కు గోళీలు, ఏ గోళీ ఎప్పుడు పడాలో నిర్ణయించే లెగో ముక్కల పట్టీ. గోళీలు వైబ్రాఫోన్ మీద, డ్రమ్ శబ్దం తీసే మైకుల మీద, బేస్ గిటార్ తీగల మీద పడతాయి. తర్వాత దాన్ని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో స్వయంగా మోగే వాయిద్యాల మ్యూజియం స్పీల్‌క్లాక్‌లో ఉంచారు.

పైప్ డ్రీమ్ చూసి మోసపోయిన కొందరు దీన్ని చూడగానే 'గ్రాఫిక్స్' అని కొట్టిపారేశారు. ఒకసారి కాలింది కదా అని రెండోసారి పాలు చూసినా ఊదుకోవడం.

ఇందులో తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. వీడియో అంత సాఫీగా ఉన్నా మిషన్ అంత సాఫీగా నడవలేదు. గోళీలు జారేవి, ఇరుక్కునేవి. కచేరీలకు తీసుకెళ్ళగలిగే రెండో మిషన్ కోసం ఆయన ఏళ్ళ తరబడి పనిచేశాడు, ఆ పనంతా వారం వారం వీడియోలుగా పెట్టాడు, చివరికి ఆ నమూనా పక్కన పెట్టేశాడు. ఎక్కువగా కొట్లాడింది మిల్లీసెకన్లతోనే. గోళీ పడే సమయంలో మనిషి చెవికి తెలిసేంత తేడా రాకుండా చూడటం అంత కష్టం. ఒక వాయిద్యం నిజమని నమ్మడానికి నాకు ఆ వైఫల్యాల వీడియోలు చాలు. అబద్ధం చెప్పేవాడు చెడిపోయిన గేరు చూపించడు.

ముట్టుకోకుండా గాల్లో చేతులు ఆడిస్తే పాట వస్తుంది. ఇది కచ్చితంగా ట్రిక్కే కదా?

ట్రిక్కు కాదు, వందేళ్ళ నాటి వాయిద్యం. పేరు థెరమిన్. రష్యా భౌతిక శాస్త్రవేత్త లెవ్ థెరమిన్ 1920 ప్రాంతంలో కనిపెట్టాడు. పెట్టెకు రెండు యాంటెనాలు ఉంటాయి. నిలువుగా ఉన్నదానికి చెయ్యి దగ్గరగా పెడితే స్వరం పెరుగుతుంది, వలయంలా ఉన్నదానికి దగ్గరగా పెడితే శబ్దం తగ్గుతుంది. మన శరీరం విద్యుత్ సర్క్యూట్‌లో ఒక భాగంలా పనిచేస్తుంది, అంతే. మెట్లు లేవు, తంత్రులు లేవు కాబట్టి శ్రుతిలో నిలబెట్టడం మహా కష్టం. గమకాలు అలవాటైన చెవికి మాత్రం అందులో జారే స్వరం ఇట్టే నచ్చుతుంది.

ఇలా చూడగానే అబద్ధంలా ఉండి, తీరా చూస్తే నిజమైనవి చాలానే ఉన్నాయి. ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ వేదిక మీద ఆకుపచ్చ లేజర్ కిరణాలను చేత్తో అడ్డుకుంటూ వాయించే లేజర్ హార్ప్ అలాంటిదే. ఉత్తుత్తి నటన అనే అనుమానం ఆయన్ను వదల్లేదు. కానీ ఆ సూత్రంలో మాయ ఏమీ లేదు. చెయ్యి పెడితే కాంతిలో వచ్చే మార్పును సెన్సర్ పట్టుకుని సింథసైజర్‌కు (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యానికి) చెబుతుంది. కిరణం స్విచ్ మాత్రమే, శబ్దం వచ్చేది సింథసైజర్ నుంచి.

బార్సిలోనాలోని పోంపియు ఫాబ్రా యూనివర్సిటీ వాళ్ళ రియాక్టబుల్ ఇంకా వింతగా ఉంటుంది. వెలిగే గుండ్రటి బల్ల మీద దిమ్మెలు జరుపుతుంటే శబ్దాలు మారిపోతాయి. బల్ల కింద ఒక కెమెరా ఆ దిమ్మెల అడుగున ఉన్న గుర్తులు చదువుతుంటుంది, ప్రొజెక్టర్ కింది నుంచే బొమ్మ వేస్తుంది. 2007లో గాయని బ్యోర్క్ తన కచేరీల్లో వాడింది.

తుర్కియేకు చెందిన గోర్కెమ్ షెన్ చేసిన యాయ్‌బహార్‌ను అయితే వినగానే సైన్స్ ఫిక్షన్ సినిమా అనుకుంటారు. అందులో కరెంటే లేదు. తీగల కంపనం పొడవాటి స్ప్రింగుల గుండా వెళ్ళి డప్పు లాంటి చర్మాలను కదిలిస్తుంది, ఆ స్ప్రింగులే ప్రతిధ్వని పుట్టిస్తాయి.

ఇక ఎగిరే పళ్ళెంలా ఉండే ఉక్కు వాయిద్యం హ్యాంగ్. దీనికి మన వైపు చుట్టరికం ఉంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పాన్‌ఆర్ట్ అనే సంస్థ 2000లో దాన్ని తయారు చేసింది. ట్రినిడాడ్ దీవి ఉక్కు వాయిద్యం స్టీల్‌పాన్‌లో ఘటం లాంటి గుణం తీసుకురావాలన్న ఆలోచన దాని వెనక ఉంది. కర్ణాటక సంగీత కచేరీలో మృదంగం పక్కన కూర్చునే ఆ మట్టికుండే! 'ఇది ఎలక్ట్రానిక్' అని వాదించేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

ఈ మోసాలు ఇంటర్నెట్ వచ్చాకే మొదలయ్యాయా?

ఎంతమాత్రం కాదు. 1821లో లండన్‌లో ఒక సంగీత దుకాణంలో 'మంత్రవీణ' అని ఒకటి ప్రదర్శించారు. పైకప్పు నుంచి వేలాడే లైర్ అనే పాతకాలపు తీగల వాయిద్యం, దాన్ని ఎవరూ ముట్టుకోరు, కానీ అందులోంచి పియానో, హార్ప్ శబ్దాలు వస్తాయి. దాని వెనకున్న కుర్రాడి పేరు చార్లెస్ వీట్‌స్టోన్. ఇంటర్ ఫిజిక్స్‌లో వీట్‌స్టోన్ బ్రిడ్జ్ లెక్కలు చేసినవాళ్ళందరికీ తెలిసిన ఆ వీట్‌స్టోనే. పై గదిలో నిజమైన వాయిద్యాలు వాయిస్తుంటే, ఆ కంపనాలు వేలాడదీసిన సన్నటి కడ్డీ ద్వారా కిందికి దిగి లైర్‌లో వినిపించేవి. జనానికి అది మాయ. ఆయనకు ఘనపదార్థంలో శబ్దం ఎలా ప్రయాణిస్తుందో చూపించే ప్రయోగం.

ఇంకా వెనక్కి వెళ్తే 1738లో పారిస్‌లో జాక్ ద వోకాన్సన్ వేణువు వాయించే మరబొమ్మను చూపించాడు. లోపల మ్యూజిక్ బాక్స్ దాచి ఉంటాడని చాలామంది అనుమానించారు. ఫ్రాన్స్ సైన్స్ అకాడమీ పరిశీలించి, తిత్తుల్లోంచి గాలి నిజంగా పెదాల దాకా వస్తోందని, వేళ్ళు నిజంగా రంధ్రాలు మూస్తున్నాయని తేల్చింది. తర్వాత అదే మనిషి గింజలు తిని అరిగించుకునే రాగి బాతును ప్రదర్శించాడు. అదేమో అబద్ధం. తిన్నది ఒక అరలోకి పోయేది, వెనక నుంచి వచ్చేది ముందే వేరే అరలో నింపి పెట్టింది. ఒకే మనిషి చేసిన రెండింటిలో ఒకటి నిజం, ఒకటి మోసం. కాబట్టి 'ఫలానా ఛానెల్ నమ్మకమైనది' అని ఊరుకోవడానికి లేదు, ఏ వీడియోకు ఆ వీడియోనే చూసుకోవాలి.

'డావిన్సీ గీసిన వాయిద్యం 500 ఏళ్ళ తర్వాత మొదటిసారి మోగింది' అన్న వీడియో?

వాయిద్యం నిజం, 'మొదటిసారి' అబద్ధం. పియానోలా కనిపించి సెల్లోలా మోగే వయోలా ఆర్గనిస్టా అది. పోలాండ్ పియానో విద్వాంసుడు స్లావోమిర్ జుబ్జిట్స్కీ కట్టి 2013లో క్రాకోవ్‌లో వాయించాడు. లోపల గుర్రపు వెంట్రుకలు చుట్టిన చక్రాలు తిరుగుతుంటే, మెట్టు నొక్కినప్పుడు తీగ వెళ్ళి చక్రానికి ఒరుసుకుంటుంది. అయితే ఇదే సూత్రంతో 16వ శతాబ్దంలోనే జర్మనీలో హాన్స్ హైడెన్ వాయిద్యం చేశాడు, జపాన్‌లో అకియో ఒబుచీ ఈయన కంటే ముందే చేసి చూపించాడు. ఇలాంటి శీర్షికల్లో 'మొదటిసారి', 'ప్రపంచంలో ఒకే ఒక్కటి', 'రహస్యం' అన్న మాటలు తీసేసి మిగిలింది చదవడం నాకు అలవాటు.

హంపిలో సరిగమలు పలికే రాతి స్తంభాలు నిజమా, గైడ్ల కథా?

స్తంభాలు పలకడం నిజం. విఠల దేవాలయం మహామండపంలోని ఆ సన్న స్తంభాలను కల్పాక్కం ఇందిరా గాంధీ అణు పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు రాయికి దెబ్బ తగలని పద్ధతుల్లో పరీక్షించారు. అవి బోలువి కావు, గట్టి రాతివే. తట్టినప్పుడు స్తంభం సన్నగా వంగుతూ కంపించడం వల్ల ఆ నాదం వస్తుంది. 'లోపల ఏముందో చూడటానికి బ్రిటిష్ వాళ్ళు కోశారు' అన్న కథ గైడ్లు చెప్పేది. ఇక్కడా అంతే, రాయి నిజమే చెబుతుంది, పక్కన మనిషి చెప్పే కథను విడిగా చూసుకోవాలి.

ఇదే స్తంభాలకు 'నాసా కూడా అంతుపట్టలేదు' అని తగిలించి వచ్చే వీడియోలను మాత్రం చదవకుండానే డిలీట్ చేయొచ్చు.

ఇప్పుడు ఏఐతో చేసిన వాయిద్యాల వీడియోలు వస్తున్నాయి. వాటి సంగతి?

పరిస్థితి నిజంగా మారింది. అనిమ్యూజిక్ వాళ్ళకు ఒక్క పాటకు నెలల శ్రమ, సొంత సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చింది. 2024లో ఓపెన్‌ఏఐ తన వీడియోలు తయారుచేసే ఏఐ సోరాను చూపించాక, 2025లో గూగుల్ వియో 3 బొమ్మతో పాటు శబ్దం కూడా తనే పుట్టించాక, 'మంచుతో చేసిన వీణ వాయిస్తున్న తాత' అని టైపు చేస్తే చాలు. పైగా అనిమ్యూజిక్ వాళ్ళ బంతి లెక్క ప్రకారం వచ్చి తగిలేది. ఏఐకి బంతి ఎందుకు తగలాలో తెలియదు, తగిలినట్టు కనిపించే బొమ్మలు ఎలా ఉంటాయో తెలుసు, అంతే.

అందుకే కారణం దగ్గర దొరికిపోతుంది. తీగల సంఖ్య లెక్కపెట్టండి, చెయ్యి అడ్డొచ్చి తీశాక మళ్ళీ లెక్కపెట్టండి. ఏడు ఉన్నవి ఆరు అవుతాయి. వేళ్ళు కదిలే వేగానికీ వినిపించే స్వరాలకూ పొంతన ఉండదు. బిరడాలు ఉంటాయి కానీ తీగలు వాటి దాకా వెళ్ళవు. షాట్ కొన్ని సెకన్లకే మారిపోతుంది, మారాక వాయిద్యం కూడా కొంచెం మారి ఉంటుంది. వియో 3 మొదట్లో ఒక్కో ముక్క 8 సెకన్లే ఇచ్చేది.

ఈ లోపాలు రేపు సర్దుకుంటాయి. సర్దుకోనిది ఒకటే: ఆ వాయిద్యం చేసిన మనిషి ఎవరు, దాన్ని ఎక్కడ కట్టాడు, మొదటి కచేరీ ఎప్పుడు అన్న ప్రశ్నలు. నిజమైన వాయిద్యానికి ఊరూ పేరూ ఉంటాయి.

వాయిద్యం నిజం, కానీ వినిపించే శబ్దం దానిది కాదు. ఇలా కూడా జరుగుతుందా?

ఎక్కువ జరిగేది ఇదే. హ్యాండ్‌పాన్ (హ్యాంగ్ తరహా వాయిద్యం) రీల్స్‌లో చాలావరకు స్టూడియోలో విడిగా రికార్డు చేసి అతికించినవే. దీన్ని మోసం అనాలా వద్దా అంటే, నా దృష్టిలో సినిమా పాటకు పెదాలు కదిపినంత. 'పాట మేం విడిగా రికార్డు చేశాం' అని రాస్తే ఏ గొడవా లేదు. 'ఈ రాయిని తడితే ఇలాంటి శబ్దం వస్తుంది' అని చెప్పి సింథసైజర్ వినిపిస్తే మాత్రం అబద్ధమే.

ఇంట్లో కూర్చుని నేనే ఎలా చెక్ చేయాలి?

ముందు శబ్దం ఆపేసి చూడండి, దెబ్బలు ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత చూడకుండా వినండి, స్వరాలు ఎన్నో లెక్కపెట్టండి. రెండూ కలవకపోతే సగం పని అయిపోయినట్టే. యూట్యూబ్‌లో అయితే వేగం 0.25కు తగ్గించండి. కంప్యూటర్లో వీడియో ఆపి కామా, ఫుల్‌స్టాప్ మీటలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కీ ముందుకూ జరుగుతుంది. మామూలు వీడియోలో ఒక ఫ్రేమ్ అంటే 30 నుంచి 40 మిల్లీసెకన్లు. తగిలిన ఫ్రేమ్‌కూ శబ్దానికీ నాలుగైదు ఫ్రేముల తేడా ఉంటే ఎక్కడో అతుకు ఉంది. అయితే వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన వీడియోల్లో శబ్దం తనంతట తనే జరిగిపోతుంది, కాబట్టి దీని ఒక్కదాని మీదే తీర్పు చెప్పొద్దు.

తర్వాత శబ్దం స్వభావం. తట్టితే, మీటితే వచ్చే శబ్దం మొదట గట్టిగా ఉండి క్రమంగా తగ్గిపోవాలి. అదే స్థాయిలో నిలబడిందంటే, లేదా పెరిగిందంటే కమాను అయినా ఉండాలి, గాలి అయినా ఉండాలి, కరెంటు అయినా ఉండాలి. మూడింటిలో ఏదీ కనిపించకపోతే మీ అనుమానం సరైనదే.

పరిమాణం కూడా చెబుతుంది. చర్చి ఆర్గన్లో సెకనుకు 65 కంపనాల మంద్ర స్వరానికి, రెండు వైపులా తెరిచిన గొట్టం దాదాపు 8 అడుగులు ఉండాలి. అరచేతిలో పట్టే గాజు పిల్లనగ్రోవి గుండెలు అదిరేలా మోగితే, ఎక్కడో స్పీకర్ ఉందన్నమాట.

చివరిగా ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. అయోవా కథ లాంటివి అక్కడే తేలిపోతాయి.

ఏఐ వీడియోను పట్టే యాప్‌లు ఉన్నాయిగా?

ఉన్నాయి, వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. గూగుల్ సింథ్ఐడీ లాంటి కనిపించని ముద్రలు ఆ ముద్ర వేసే టూల్‌తో చేసినవాటికే పనికొస్తాయి. ముద్ర లేదంటే వీడియో నిజమని అర్థం కాదు.

వీటివల్ల ఎవరికి లాభం? ఎందుకు చేస్తారు?

మొదటి తరం ఈమెయిల్ అబద్ధాలు చాలావరకు సరదా కోసం పుట్టినవే. ఇప్పటివి పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికి. సంగీతానికి భాష అడ్డం కాదు, గొడవ రాదు, పిల్లల నుంచి తాతల దాకా ఎవరైనా చూస్తారు. ఫాలోవర్లు లక్షకు చేరాక అదే పేజీలో ఇంకేదో అమ్ముతారు. కొన్నిసార్లు ఆ లేని వాయిద్యాన్నే 'స్టాక్ క్లియరెన్స్' అని అమ్ముతారు. ఆర్డర్ పెట్టేముందు కనీసం దాని మీద ఎవరైనా ఒక పూర్తి పాట ఆపకుండా వాయించిన వీడియో ఉందేమో చూడండి.

ఫ్యామిలీ గ్రూపులో బాబాయో పెద్దమ్మో పంపితే ఏం చెప్పాలి?

'ఫేక్' అని ఒక్క ముక్క పెట్టి ఊరుకోకండి. పెద్దవాళ్ళు నలుగురిలో చిన్నబోతారు, ఇంకోసారి మీ మాట వినరు. నేనైతే ఇలా రాస్తాను: 'బాబాయ్, వీడియో అదిరింది. కాకపోతే అది మిషన్ కాదండి, కంప్యూటర్లో చేసిన బొమ్మ. చేసినవాళ్ళు అనిమ్యూజిక్ అని అమెరికా వాళ్ళు. నిజంగా గోళీలతో వాయించే మిషన్ ఇంకోటి ఉంది, ఇదిగో చూడండి.' వీడియో నచ్చడం తప్పు కాదు కదా, దాన్ని ఒప్పుకుని మొదలుపెడితే గొడవే ఉండదు. ఇంకో మంచి వీడియో ఇచ్చారు కాబట్టి ఆయన దాన్నే పది మందికి పంపుతారు. సరైన కథ కూడా అలాగే ఫార్వర్డ్ అవుతుంది.

నిజమైన వింత వాయిద్యాలను కళ్ళారా చూడాలంటే?

ఉట్రెక్ట్‌లో స్పీల్‌క్లాక్ మ్యూజియం ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు వర్జీనియాలోని లూరే గుహలు వాషింగ్టన్ నుంచి కారులో ఒక్క పూట ప్రయాణం. అక్కడ రబ్బరు సుత్తులతో గుహలోని సున్నపురాతి ఊడలనే తట్టి పాట వాయించే ఆర్గన్ ఉంది, 1950లలో లీలాండ్ స్ప్రింకిల్ కట్టాడు. ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో వాయిద్యాలకే ఒక పెద్ద మ్యూజియం ఉంది, అందులో థెరమిన్‌ను సందర్శకులు స్వయంగా వాయించి చూడొచ్చు. క్రొయేషియా వెళ్తే జదర్ ఊళ్ళో సముద్రపు ఒడ్డున మెట్ల కింద గొట్టాలు అమర్చారు, అలలు తోసే గాలికే అవి మోగుతాయి. 2005 నుంచి ఉంది. హంపి మనకు అన్నిటికంటే దగ్గర, కానీ అక్కడ స్తంభాలను తట్టనివ్వరు, రాయి దెబ్బతింటుందని.